ఢిల్లీ మల్బా: రహీం సమాధి నుంచి బురారీ దాకా

ఢిల్లీ అనగానే ఏడు నగరాల జాబితా బట్టీ పడతాం. ఒక నగరం పాడుబడ్డాక దాని రాళ్లు ఏమయ్యాయని మాత్రం అడగం. ఫిరోజ్ షా తుగ్లక్ కట్టిన ఫిరోజాబాద్ రాళ్లు మూడు శతాబ్దాల తర్వాత షాజహానాబాద్ గోడల్లోకి చేరాయి. అబ్దుల్ రహీం ఖాన్-ఇ-ఖానాన్ సమాధి పాలరాయిని ఊడదీసి 1754 నాటి సఫ్దర్‌జంగ్ సమాధికి వాడారు. అప్పట్లో దీన్ని ఎవరూ రీసైక్లింగ్ అనలేదు, నిజానికి అందులో కొంత దోపిడీ కూడా ఉంది. కానీ సున్నంతో కట్టిన గోడ నుంచి రాయి రాయిగానే ఊడి వస్తుంది. అందుకే అది సాధ్యమైంది.

సిమెంటు కాంక్రీటు ఈ వెసులుబాటును తీసేసింది. ఇనుప చువ్వలు మాత్రం పాత ఇనుము కొట్టుకు పోతాయి. మిగిలినది ఢిల్లీవాళ్లు 'మల్బా' అనే గుట్ట. అది యమున ఒడ్డుకు ఎంతగా చేరిందంటే, అక్కడ పోసినవారికి 50,000 రూపాయల జరిమానా వేయాలని 2015 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించాల్సి వచ్చింది.

అప్పటికే బురారీలో దేశంలో మొదటి ప్లాంటు ఉంది. 2009లో రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో మొదలై, తర్వాత 2,000కు పెరిగింది. మల్బాను వేరుచేసి, పిండిచేసి, కడిగి ఇసుక, కంకర తీస్తారు. వాటితో పేవర్ బ్లాకులు, కాలిబాట అంచు రాళ్లు చేస్తారు. యంత్రాలున్నాయి, సరుకూ తయారైంది. కొనేవారే కరువు. నా ఉద్దేశంలో అసలు అడ్డంకి ఒక ప్రమాణ పత్రం. 1970 నాటి ఐఎస్ 383 పేరులోనే 'సహజ వనరుల నుంచి' అని ఉంది. అంటే కాంక్రీటులో రీసైకిల్ కంకరకు చోటే లేదు. 2016లో దాన్ని సవరించి, సాదా కాంక్రీటులో 25 శాతం, ఎం25 వరకు ఉండే ఇనుప చువ్వల కాంక్రీటులో 20 శాతం దాకా అనుమతించారు. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చిందీ అదే ఏడాది మార్చిలో. (మెయిన్స్‌లో నియమాల గురించి అందరూ రాస్తారు, ఐఎస్ 383 సంగతి కూడా రాయండి.)

2022 ఆగస్టు 28న నోయిడాలో జంట టవర్లు కుప్పకూలి దాదాపు 80,000 టన్నుల శిథిలాలు మిగిలినప్పుడు, కొంత వాటి బేస్‌మెంట్లలోనే నింపి, కొంత సెక్టార్ 80 ప్లాంటుకు పంపారు. దేశమంతా చూస్తున్న కూల్చివేత కాబట్టి లెక్క పక్కాగా ఉంది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా తెచ్చిన 2025 నియమాలు 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత విస్తీర్ణం ఉన్న ప్రాజెక్టులకు ఉత్పత్తిదారు బాధ్యత పెట్టాయి. పాత ఇల్లు పడగొట్టి నాలుగు అంతస్తులు లేపే కాలనీ యజమాని ఆ లెక్కలోకి రాడు. అతని మల్బా ఇప్పటికీ ట్రాక్టరు వాడితో కుదిరిన బేరాన్ని బట్టి, వాడు ఎక్కడ పోస్తే అక్కడే పడుతుంది.