అందరికీ తెరుచుకునే పేజీ

వెబ్ చరిత్ర ఎక్కడ చదివినా ఒక 'పితామహుడి'తోనే మొదలవుతుంది. 1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ ఈ ఆలోచనను ప్రతిపాదించారన్నది నిజమే. కానీ ఆ ఆలోచన ఆయన బల్ల దాటి బయటికి ఎలా వచ్చింది?

1990 చివర్లో ఆయన తయారుచేసిన మొదటి బ్రౌజర్ నెక్స్ట్ అనే ఖరీదైన కంప్యూటర్ మీద మాత్రమే పనిచేసేది. సెర్న్‌లోనే చాలామంది దగ్గర ఆ యంత్రం లేదు. ఇంగ్లండులోని లీస్టర్ పాలిటెక్నిక్‌లో గణితం చదువుతూ శిక్షణ కోసం అక్కడికి వచ్చిన నికోలా పెల్లో అప్పుడు 'లైన్ మోడ్ బ్రౌజర్' రాశారు. అందులో బొమ్మల్లేవు, మౌస్‌తో పనిలేదు. అక్షరాలు వరసగా వస్తాయి. లింకు పక్కన ఒక అంకె ఉంటుంది, ఆ అంకె కొడితే ఆ పేజీ వస్తుంది. చూడముచ్చటగా ఏమీ ఉండదు. అయితే అతి మామూలు టెర్మినల్ మీద కూడా అది తెరుచుకుంది. 1991లో వెబ్ ఇతర సంస్థలకు చేరింది ఈ దారినే. పేజీ ఎవరి యంత్రం మీదైనా తెరుచుకోవాలన్న తొలి సూత్రాన్ని ఆచరణలో పెట్టింది ఒక విద్యార్థిని. చరిత్ర మాత్రం ఆమెను 'సహాయకురాలి'గా ఒక వాక్యంలో సరిపెట్టేసింది.

ఆ సూత్రం ఎక్కువకాలం నిలబడలేదు. ఇది శీర్షిక, ఇది పేరా అని పేజీలోని విషయానికి గుర్తులు పెట్టడం హెచ్.టి.ఎం.ఎల్. పని. రూపం సంగతి వేరుగా చూసుకోవడానికి సి.ఎస్.ఎస్. 1996లో ప్రమాణమైంది. కానీ నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్‌ల పోటీలో ఒక బ్రౌజర్‌కు చేసిన పేజీ ఇంకోదానిలో చెదిరిపోయేది. డిజైనర్లు పట్టికల గళ్లలో, కంటికి కనబడని బొమ్మలతో పేజీలను నిలబెట్టారు. దీన్ని ఎదిరిస్తూ 1998లో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ మొదలైంది. తర్వాత దానికి నాయకత్వం వహించిన మాలీ హోల్జ్‌ష్లాగ్ డజన్లకొద్దీ పుస్తకాలు రాసి ఒక తరానికి ఈ పని నేర్పారు. చూపులేనివారికీ, చేతులు కదపలేనివారికీ పేజీ అందాలని జూడీ బ్రూవర్ నడిపిన కార్యక్రమం నుంచి 1999లో మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో మొట్టమొదటిది, బొమ్మకు బదులుగా చదవగలిగే మాట ఇవ్వమన్నది. సృష్టికి దక్కే కీర్తి సర్దుబాటుకూ నిర్వహణకూ దక్కదని ఇంటిపనిలో మనకు తెలిసిందే. ఇక్కడా అదే జరిగింది.

తెలుగుకు వస్తే ఈ సూత్రభంగం మరీ స్పష్టం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పి వచ్చాక గానీ అది మామూలు కంప్యూటర్లకు చేరలేదు. ఈలోగా పత్రికలు ఎవరి ఫాంటు వారు వాడుకున్నాయి. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలను తొడిగారు. ఆ ఫాంటు లేని పాఠకురాలికి తెరమీద కనిపించేది పిచ్చిగీతలే. వెతికితే దొరకదు, చదివి వినిపించే యంత్రానికి అర్థం కాదు. యూనికోడ్ వచ్చాక కూడా ఇంగ్లీషు కొలతలతో వరసల మధ్య ఖాళీ పెడితే మన ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి.

ఇది సాంకేతిక నిపుణుల గొడవ కదా అనుకోలేం. పాఠం పూర్తిగా పాఠకుల చేతికి అందడం కోసం మన చరిత్రలో పెద్ద పోరాటమే జరిగింది. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' అచ్చుప్రతిలో భాగాలు ఎగిరిపోయాయని గుర్తించి, 1910లో సమగ్ర ప్రతిని తెచ్చింది బెంగుళూరు నాగరత్నమ్మ. మరుసటి ఏడాదే దానిమీద నిషేధం పడింది. అది తొలగడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. ఈనాడు స్త్రీల రచనలను మరుగుపరచడానికి నిషేధం అక్కర్లేదు, ఒక తప్పుడు ఫైలు చాలు. పాత సంచికలను ఫొటోలుగా తీసి పెట్టేసి 'డిజిటైజ్ చేశాం' అని తృప్తి పడితే వాటిలోని కథ పేరు కూడా వెతుకులాటకు అందదు. ఇతరుల స్థలంలో ఉచితంగా పెట్టుకున్న పేజీలైతే ఏ రోజైనా మాయం కావచ్చు. 2009లో యాహూ జియోసిటీస్‌ను మూసేసినప్పుడు లక్షలాది సొంత పేజీలకు పట్టిన గతి అదే.

కాబట్టి స్త్రీల పత్రికలు వెబ్‌లోకి వెళ్లేటప్పుడు రంగుల గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. పాఠం యూనికోడ్‌లో ఉందా? బొమ్మకు మాట ఉందా? చవక ఫోనులో, నెమ్మదైన నెట్‌లో తెరుచుకుంటుందా? పదేళ్ల తర్వాత అదే చిరునామాలో దొరుకుతుందా? ఇంకొకటి కూడా. ఆ పాత సంచికలన్నిటినీ మళ్లీ టైపు చేసి, అచ్చుతప్పులు దిద్దేదెవరు? ఆమెకు డబ్బిస్తున్నామా? ఆమె పేరు పేజీలో ఎక్కడైనా వేస్తున్నామా?