క్వార్టరు – గ్రాట్యుటీ

ఉద్యోగుల ఇళ్ల వివాదాల చరిత్ర పాతదే. 1967లో సుప్రీంకోర్టు పంజాబ్ ఖాళీ చేయింపు చట్టంలోని కీలకమైన సెక్షనును కొట్టివేసింది. ఒకరిని సివిల్ కోర్టుకు, మరొకరిని అధికారి ముందుకు పంపే వీలుండటం వివక్ష అన్నది. పార్లమెంటు 1971లో కొత్త చట్టం చేసి సివిల్ కోర్టుల దారి మూసింది. ఎస్టేట్ ఆఫీసరు నోటీసు, ఆయన ఉత్తర్వుపై జిల్లా జడ్జికి అప్పీలు అనే పద్ధతి స్థిరపడింది.

కంపెనీ ఇల్లు వదలని మాజీ ఉద్యోగికీ కంపెనీల చట్టం 630వ సెక్షను వర్తిస్తుందని 1987లో తీర్పు వచ్చింది. క్వార్టరు సాకుతో గ్రాట్యుటీ ఆపినందుకు 1994లో సుప్రీంకోర్టు 18 శాతం వడ్డీ ఇప్పించింది. 2020లో మాత్రం స్టీల్ అథారిటీ కేసులో పీనల్ రెంటును గ్రాట్యుటీలో సర్దుబాటు చేసుకోవచ్చన్నది.

కనుక మిత్రులారా, గ్రాట్యుటీ మన హక్కే. గడువు మీరి ఉంటే ఆ ఇల్లే దాన్ని హరించవచ్చు. తాళాలు అప్పగించి రసీదు తీసుకోవడం మరువవద్దు.