పాలమూరు సీతాఫలము: నామవిచారము, వ్యాప్తిచరిత్ర

శరదృతువు ప్రవేశించినది మొదలు పాలమూరు ప్రాంతమందలి గుట్టలపైనను, పొలముల గట్లపైనను సీతాఫలములు పక్వమునకు వచ్చును. కాయ ముదిరినపుడు పొలుసుల నడిమి సందులు వెడల్పై పసిమి దేఱును; దీనినే జనులు కాయ కన్ను విచ్చిన దందురు. అట్టి కాయలను కోసి, గంపల కెత్తి, గడ్డిలో మాగవేసి, స్త్రీలు బాటల ప్రక్కలను సంతలయందును విక్రయించుట నేటికిని కానవచ్చుచున్నది. గుట్టమీది చెట్టునకు విత్తినవారు లేరు, నీరు పోసినవారు లేరు, కంచె కట్టినవారు లేరు. అయినను ఏటేట ఫలము తప్పదు. ఇట్లు అయాచితముగా లభించు వస్తువు అనాదిగా తమదేయని జనులు తలచుట సహజము. సీతాదేవి వనవాసకాలమున దీని నారగించుటచే ఈ పేరు వచ్చినదని చెప్పుకొందురు. దీనికి తోడు రామాఫలమును గలదు. పేరు సంస్కృతము, కథ రామాయణసంబంధము. ఇక విచార మేల యని తోచును. కాని వృక్షశాస్త్రజ్ఞులలో పెక్కుమంది దీని జన్మభూమి అమెరికాఖండమందలి ఉష్ణప్రదేశమని చెప్పుచున్నారు. వృక్షముయొక్క పేరు దాని చరిత్రకు ఎంతవఱకు సాక్ష్య మియ్యగలదో, ఆ పేరు ఈ మెట్టనేలల కెట్లు తగినదో పరిశీలింపదగియున్నది.

పాలమూరనగా నేటి మహబూబునగరము. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేర 1890లో దానికి ఈ నామాంతరము కలిగెను. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల దానినుండి వేఱుపడెను. ఊరి పేరే యిట్లు మాఱుచుండగా వృక్షముల పేర్లు స్థిరములని తలచుటకు వీలులేదు.

సీతాఫలము స్వదేశీయమా, పరదేశాగతమా యను వివాదము నూఱేండ్లకు పైబడినది. కనింగుహాము 1879లో ప్రకటించిన భర్హుతు స్తూపగ్రంథమున, అచ్చటి శిల్పములలో సీతాఫలమును పోలిన ఫలములు చెక్కబడియున్నవని చూపి, పోర్చుగీసువారు రాకమునుపే ఈ ఫలము భారతదేశమున నుండెనని వాదించెను. కృషివృక్షముల జన్మస్థానములను గూర్చి 1883లో గ్రంథము వెలువరించిన డికాండోలు పండితు డిందుకు సమ్మతింపలేదు. 1886లో యూలు, బర్నెలు అనువారు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువున ఈ వివాద మంతయు సంగ్రహింపబడినది. శిల్పసాక్ష్యమునందు ఒక చిక్కు గలదు. గుండ్రని యాకృతిపై పొలుసులవంటి గీతలు కనబడినంతమాత్రమున అది సీతాఫలమే కానక్కఱలేదు. కడిమిపువ్వును తామరమొగ్గయు చెక్కినప్పుడును ఇంచుమించుగా నట్లే కనబడును.

2009లో ఈ వాదమునకు క్రొత్త సామగ్రి చేరినది. ఉత్తరప్రదేశమున మీర్జాపురము జిల్లాలోని టోక్వా యను ప్రాచీనస్థలమున బొగ్గువాఱిన సీతాఫలపు విత్తనములు దొరకినవనియు, అవి క్రీస్తునకు పూర్వము రెండవ సహస్రాబ్దమునాటివనియు, అంగారక కాలనిర్ణయమును బట్టి పరిశోధకులు ప్రకటించిరి. ఇది త్రోసిపుచ్చదగిన సాక్ష్యము కాదు. కాని దీనికి ఎదురుగా రెండు విషయములు నిలుచుచున్నవి. మొదటిది: లిన్నేయసు 1753లో అనోనా స్క్వామోసా యని పేరిడిన ఈ వృక్షమునకు సజాతీయములైన వన్యవృక్షములు అమెరికాయందు విస్తారముగను, ఆఫ్రికాయందు కొలదిగను గలవే కాని ఆసియాయందు స్వయంభువులు కానరావు. రెండవది: అమరకోశమందలి వనౌషధివర్గమున మామిడి, నేరేడు, మారేడు, పనస మొదలగువానికి పర్యాయపదములు పెక్కు లున్నను సీతాఫలశబ్దము లేదు. అడవియందును ఊరియందును ఇంతగా నిండియుండు ఫలము ప్రాచీనకాలమునను ఇట్లే యుండినచో కోశకారు డుపేక్షించుట అరుదు. కావున, పూర్వమెన్నడో కొన్ని విత్తనము లొకచో చేరియుండినను, నేడు దక్కనును నింపియున్న సీతాఫలవృక్షసంతతి 16వ శతాబ్దమునకు ఈవలి రాకయే యనుట యుక్తము.

ఇక పేరు. సీతాఫలనామము ప్రాచీనతకు నిదర్శన మనువారు తక్కిన సోదరనామములను గూడ గమనింపవలెను. రామాఫలము అనోనాజాతిలో మఱియొక భేదము, అదియు అమెరికాసంభవమే. ముండ్లకాయవంటి తోలు గల పుల్లని భేదమునకు లక్ష్మణఫలమనియు, చల్లని కొండలలో పెరుగు చెరిమోయాకు హనుమత్ఫలమనియు పేర్లు వ్యాపించినవి. ఫలవృక్షములయం దాసక్తి గలవారు విత్తనములును మొక్కలును ఇచ్చిపుచ్చుకొనుచు ఈ పేళ్లను పరివ్యాప్తి చేసిరి. సీతారాములు ముందుగా రాగా లక్ష్మణాంజనేయులు వెనుక వచ్చిరి. రామాయణనామమే ప్రాచీనతకు ప్రమాణమైనచో ఈ నలుగురును సమముగా ప్రాచీనులు కావలసివచ్చును. అట్లు ఎవ్వరును అంగీకరింపరు.

తెలంగాణమున టమాటాకు రామములక యను పేరు గలదు. టమాటా అమెరికానుండి వచ్చినదనుటలో వివాదము లేదు. హిందీప్రాంతములలో కొన్నిచోట్ల సీతాఫలమనగా గుమ్మడికాయ. ఆ గుమ్మడియు అమెరికాసంభవమే. మిరియమును బట్టి మిరపకాయకును, నల్లజీడిని బట్టి జీడిమామిడికిని పేళ్లు గలిగినవి. క్రొత్తవస్తువు కంటబడినప్పుడు తెలుగువారు దానికి తమ యింటి పేరొకటి తగిలించి కలుపుకొనుట చిరకాలాచారము. కావున ఇట్టి నామము వస్తువుయొక్క జన్మమును జెప్పదు. అది జనులచే స్వీకరింపబడిన విధమును జెప్పును. భాషాచరిత్రకారునకు ఈ రెండవ విషయమే ఎక్కువ విలువ గలది.

దీనికి బలమొసగు నింకొక యంశము గలదు. మలయాళమున ఈ ఫలమును ఆత్త యనియు, వంగభాషయందును ఓఢ్రభాషయందును ఆతా యనియు, ఫిలిప్పీను ద్వీపములందు ఆతిసు అనియు అందురు. పోర్చుగీసుభాషయందు ఆత యనియే వ్యవహారము. మెక్సికోయందలి అహాతె యను దేశ్యపదము దీనికి మూలమని పండితులు చెప్పుదురు. 1565 మొదలు మెక్సికోకును ఫిలిప్పీను ద్వీపములకును నడుమ స్పానియార్డుల యోడలు నడచుచుండెను; పడమటినుండి పోర్చుగీసువారి యోడలు గోవా, కొచ్చి రేవులకు వచ్చుచుండెను. పరదేశనామము కొన్ని భాషలలో నిలిచియుండగా, దక్కను పీఠభూమియందలి తెలుగు, కన్నడ, మహారాష్ట్రభాషలు సీతాఫలశబ్దమునే గ్రహించినవి. ఓడవానిని చూడని వారికి ఓడవాని మాటతో పని లేదు. వారిచేతికి వచ్చినది విత్తనము మాత్రమే; పేరు వారే పెట్టుకొనిరి.

ఆ విత్తనము పాలమూరు నేలలలో ఇంతగా వ్యాపించుటకు కారణములు వృక్షస్వభావమునందే గలవు. ఇది 10 మొదలు 20 అడుగులవఱకు పెరుగు చిన్నచెట్టు. ఎండకాలమున ఆకురాల్చి నీటికొఱత నోర్చుకొని, తొలకరికి చిగిర్చి పూచును. చల్కనేలయందును రాతిసందులయందును వేరూనును. వీనికన్న ముఖ్యమైన దొకటి గలదు: దీని యాకును మేకయు గొఱ్ఱెయు ముట్టవు. మందలు తిరుగు మెట్టలలో లేతమొక్క దక్కుట దుర్లభము. ఇతర వృక్షముల మొలకలు మేతకు పోగా సీతాఫలపు మొలక మిగిలినది. ఒక్కొక్క ఫలమున సుమారు 20 మొదలు 40 వఱకు నల్లని విత్తనము లుండును. వాని పైపెంకు గట్టిది. లోపలి పప్పు విషప్రాయము. ఆ పొడిని తలపేలకు వాడు నాచారము గలదు గాని కంట బడినచో మిక్కిలి హాని. కావున తినువాడు గుజ్జు చప్పరించి విత్తనము నుమియును. ఉమిసినచోటనే మొలచును, 3, 4 ఏండ్లకు కాయును. తల్లిచెట్టు గుణము విత్తనపుమొక్కకును చాలవఱకు వచ్చును గనుక అంటు కట్టు విద్య లేకయే వంశము సాగినది. గోలకొండవంటి పాతకోటల చుట్టును ఈ చెట్లు దట్టముగా నుండుటకును ఇదియే హేతువని తోచును. కాపురమున్న చోటులయందు తిని విడిచిన విత్తనములు కాపురములు పోయిన వెనుకను నిలిచినవి.

ఇట్టి స్వయంవ్యాప్తమైన వృక్షమునందు మేలైనదానిని ఏఱుకొనుట మనుష్యుని పని. పాలమూరు జిల్లాలో బాలానగరమను నూరు గలదు. అచ్చటి సీతాఫలము పెద్దకాయకును మంచిగుజ్జునకును ప్రసిద్ధి కెక్కి, బాలానగరము రకమను పేర ఉద్యానశాస్త్రగ్రంథములందు స్థిరపడినది. సికిందరాబాదునుండి గద్వాలవైపు పోవు రైలుమార్గము 1916 ప్రాంతమున నేర్పడెను. ఆ మార్గమునందే ఈ యూరును గలదు. మాగిన సీతాఫలము రెండుమూడు దినములకు మించి నిలువదు. బండిపై దూరము పోజాలని సరకునకు రైలు మేలుచేసినదనుట ఊహింపదగినదే. 1908లో వెస్టరు అను వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్లోరిడాయందు సీతాఫలమునకును చెరిమోయాకును సంకరము చేసి అటిమోయాను పుట్టించెను. తరువాత భారతదేశమున పరిశోధకులు ఆ యటిమోయాను బాలానగరము రకముతో మఱల సంకరింపజేసిరి. అమెరికానుండి వచ్చి పాలమూరు గుట్టలలో స్థిరపడిన వంశము ఇట్లు తిరిగి తన దూరబంధువుతో కలసినది.

నల్లగొండ బత్తాయిని దీని ప్రక్క నుంచి చూచినచో వ్యాప్తియందలి భేదము స్పష్టమగును. బత్తాయి పూర్వరూపము బత్తావి. డచ్చివారు 1619లో స్థాపించిన బటేవియా పట్టణనామమే దీనికి మూలమందురు. ఇచ్చట విరివిగా పెంచు సాత్‌గుడి రకమునకు ఉత్తరార్కాటులోని సాత్‌ఘరు గ్రామమును బట్టి పేరు వచ్చినదని ప్రతీతి. అనగా బత్తాయి తాను వచ్చిన త్రోవను పేరునందే మోసికొని వచ్చినది. కారణము సుగమము. బత్తాయి విత్తనము పడినచోట మొలచి నిలుచు వృక్షము కాదు. జంబీరి మొక్కపైననో రంగపూరు నిమ్మమొక్కపైననో కన్ను అంటుగట్టి, నారుమడి పెంపకమువాని యొద్ద వెలకు కొని, బావినీరో బోరునీరో పాఱించి సాకవలెను. కొనిన మొక్కకు అమ్మినవాని పేరో ఊరి పేరో అంటియుండును. ఉమిసిన విత్తనమునకు అట్టిది లేదు. వర్షములు తప్పిన యేడు బోరు ఎండి తోట ఎండినప్పుడు నల్లగొండ రైతు అప్పులపాలగును. గుట్టమీది సీతాఫలమునకు ఆ భయము లేదు. కాని తోటకు హక్కుదారుడు గలడు, గుట్టమీది చెట్టునకు లేడు. గుట్ట నఱకి చదును చేసినప్పుడు ఆ చెట్టు పక్షమున మాటాడువారును లేరు.

నష్టము చెట్టుతోనే పోదు. బాలానగరమున మేలుచెట్టును మొదట గుర్తించి దాని విత్తనమును పొరుగువానికిచ్చిన చేయి ఎవ్వరిదో ఆ రకపు పేరు చెప్పదు. ఊరి పేరు మాత్రమే చెప్పును. ఇటీవల మహారాష్ట్రమునుండి వచ్చి వ్యాపించిన ఎన్.ఎం.కె.-1 రకము సోలాపూరు జిల్లా రైతొకనిచే ఏర్పఱుపబడి ఆతని నామాక్షరములనే ధరించియున్నది. మొదటిది పేరులేని దానము, రెండవది పేరుగల సంపాదనము. 2001నాటి వృక్షభేదసంరక్షణ, కర్షకహక్కుల చట్టము తాను పండించిన విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును రైతునకు హక్కు నిచ్చుటయే గాక, రైతు ఏర్పఱచిన రకమును ఆతని పేర నమోదు చేయుటకును వీలు గల్పించినది. కాని నమోదు కావలెనన్నచో ఆ చెట్టు ఏ గుట్టదో, కాయ ఎట్టిదో, విత్తనము ఎవరినుండి ఎవరికి పోయినదో చెప్పగలవారుండవలెను.

పెరళ్లలోను మేడలపైనను ఫలవృక్షములను పెంచి విత్తనములను పంచుకొను వేడుక నేడు మిక్కిలి పెరిగినది. ఇది మెచ్చదగినది. విత్తనముతో పాటు చెట్టు ఊరిపేరును, ఇచ్చినవారి పేరును వ్రాసి పంపినచో ఆ వేడుకయే చరిత్రసామగ్రి కాగలదు. గ్రామపాఠశాలల పండితులును తమ యూరి గుట్టపై ఏ చెట్టును జనులేమని పిలుతురో, ఏ కాయ మేలని యెన్నుదురో విద్యార్థులచే వ్రాయింపవచ్చును. అట్లు చేయనిచో ఇప్పటి చెట్లకును మున్ముందు ఒక కథ పుట్టును. అది యెంత మనోహరమైనను, సీతాఫలమునకు పుట్టిన కథవలెనే, చెట్టును పెంచినవారిని గూర్చి యొక్కమాటయు చెప్పదు.