నైవేద్యం నుండి నిత్యాన్నదానం దాకా



కొంతకాలం క్రిందట నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదవ తరగతిలో నా దగ్గర శబ్దాలు అప్పజెప్పలేక బెంచీ ఎక్కినవాడు, ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. నేను సంధ్య వార్చుకొని, పూజ ముగించి వసారాలోకి వచ్చేసరికి గంట దాటింది. కాఫీ త్రాగుతూ, "మాస్టారూ, కోప్పడనంటే ఒక మాట అడుగుతాను. ఇంతసేపు కళ్ళు మూసుకొని కూర్చుంటే ఎదుటివాడికి ఒరిగేదేమిటి? ఈ గంట ఏ ఆసుపత్రిలోనో ఒక రోగికి సాయపడితే అదే అసలైన పూజ కాదా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ప్రశ్నించమని నేర్పినవాణ్ణి నేనే. అయితే అప్పటికప్పుడు తృప్తికరమైన సమాధానం కూడా చెప్పలేకపోయాను. వాడు వెళ్ళిన తరువాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదలలేదు. శాస్త్రవాక్యాలతో వాణ్ణి ఒప్పించవచ్చు. కానీ వాక్యం కంటె వర్తన బలవత్తరమైనది. మన పూర్వులు ఏమి చెప్పారన్నది అటుంచి, ఏమి చేశారో చూద్దామని చరిత్ర పుటలు తిరగవేశాను. దొరికిన మూడు నాలుగు సంగతులను మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఒక్క మాట. గృహస్థుకు మన పెద్దలు విధించిన నిత్యకృత్యాలలో పంచమహాయజ్ఞాలు ముఖ్యమైనవి. దేవయజ్ఞం, పితృయజ్ఞం, బ్రహ్మయజ్ఞం, భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం. దేవునికి చేసే అర్చన ఈ ఐదింటిలో ఒకటి మాత్రమే. పశుపక్ష్యాదులకు ఇంత ముద్ద పెట్టడం భూతయజ్ఞం. ఇంటికి వచ్చిన మనిషికి అన్నం పెట్టడం మనుష్యయజ్ఞం. వైశ్వదేవం ముగిసిన తరువాత గృహస్థు వాకిట నిలబడి అతిథి కోసం కొంతసేపు ఎదురుచూడాలని నియమం. అంటే ప్రార్థన ముగిసిన చోటనే పరిచర్య మొదలు కావాలి. ఈ రెండూ వేరువేరు పనులన్న భావన మన ఆచారంలో లేదు. మన అలవాటులో చేరింది.

ఇక చరిత్రలోనికి వద్దాం.

గుంటూరు సీమలో, కృష్ణానది దక్షిణపుటొడ్డుకు సమీపాన మందడం, వెలగపూడి అనే గ్రామాలు ఉన్నాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి తరలివచ్చిన నాటి నుండి ఈ పేర్లు వినని తెలుగువారు లేరు. కానీ ఆ ఊళ్ళకు అంతకంటె పాత కీర్తి ఒకటి ఉన్నది. మందడం ప్రక్కనే ఉన్న మల్కాపురంలోని శిలాస్తంభం మీద 1261వ సంవత్సరపు (శాలివాహన శకం 1183) శాసనం ఒకటి కలదు. కాకతి గణపతిదేవ చక్రవర్తికి శైవదీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శంభువు. ఆయన గౌడదేశీయుడు, గోళకీ మఠానికి చెందిన ఆచార్యుడు. గణపతిదేవుడు ఆయనకు మందడం గ్రామాన్ని ఇస్తానని మాట ఇవ్వగా, కుమార్తె రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, వెలగపూడిని కూడా కలిపి దానం చేసింది.

ఆ ఆచార్యుడు తనకు వచ్చిన రాబడిని ఏమి చేశాడన్నది మనం గమనించవలసిన విషయం. దానిని మూడు పాళ్ళు చేశాడు. ఒక పాలు శివాలయానికి. రెండవ పాలు మఠానికి, అక్కడ చదువుకొనే విద్యార్థులకు. మూడవ పాలు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి. ఏడున్నర శతాబ్దాల క్రిందట, ఒక సన్యాసి, తెలుగు పల్లెలో, పురిటి కోసం ఒక శాల కట్టించి, దానికి శాశ్వతమైన రాబడి ఏర్పరిచాడు! సంసారం వదలినవాడికి పురిటినొప్పుల సంగతి ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. శివుని పేర వచ్చిన భూమి శివుని బిడ్డలందరికీ చెందుతుందన్నదే ఆయన నడత మనకిచ్చే సమాధానం.

వేదాలు చెప్పడానికి ముగ్గురినీ, తర్క సాహిత్యాగమాదులు చెప్పడానికి ఐదుగురినీ, చికిత్స చేయడానికి ఒక వైద్యుణ్ణీ, లెక్కలు వ్రాయడానికి ఒక కాయస్థుణ్ణీ నియమించాడు. గుడి, బడి, ఆసుపత్రి ఒకే పద్దు క్రింద నడిచాయి. అన్నిటికంటె గొప్ప మాట మరొకటి ఉన్నది. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు, ఆకలితో వచ్చినవారికి ఎప్పుడైనా సరే అన్నం పెట్టవలసినదని ఆ శాసనం కట్టడి చేసింది. 1261వ సంవత్సరంలో ఈ మాట రాతి మీద చెక్కించడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో ఆలోచించండి.

ఇక రెండవ సంగతి. చిత్తూరు సీమలోని తరిగొండలో 1730 ప్రాంతంలో జన్మించిన వెంగమాంబ బాలవితంతువు. తలవెంట్రుకలు తీయించుకోవడానికి ఒప్పుకోక ఊరివారి నిందలు పడింది. తరిగొండ నరసింహుణ్ణే నమ్ముకొని, చివరకు తిరుమల చేరి, తుంబురు కోనలో తపస్సు చేసింది. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, రాజయోగామృతసారం వంటి కృతులు రచించింది. నేటికీ స్వామివారికి రాత్రి ఏకాంత సేవ వేళ ముత్యాల హారతి ఆమె పేరిటనే జరుగుతున్నది.

కవయిత్రిగా, యోగినిగా ఆమెను మనం ఎరుగుదుము. కానీ ఆమె చేసిన మరొక పనిని అంతగా తలచుకోము. ఆనాడు తిరుమలకు బండిబాట కూడా లేదు. మొదటి ఘాట్ రోడ్డు పడినది 1944లో. కొండ ఎక్కినవారు మూటలో తెచ్చుకొన్నదే తినాలి. నృసింహ జయంతికి పది రోజుల పాటు యాత్రికులకు అన్నం, దాహానికి నీళ్ళు అందించే ఏర్పాటు వెంగమాంబ చేసింది. 1785 నుండి 1812 వరకు దాతలు ఎందరో ఈ అన్నదానానికి ఆమె పేర దానపత్రాలు వ్రాసి ఇచ్చారు. ఏ ఆస్తీ లేని ఒక వితంతువు చేతికి జనం తమ సొమ్మును నమ్మకంగా ఎందుకు ఇచ్చారు? ఆమె జపతపాలే ఆమెకు పూచీ అయ్యాయి. తనకంటూ ఏదీ కోరనివారి చేతిలో పెట్టిన రూపాయి దారి తప్పదని లోకానికి తెలుసు.

ఆమె 1817లో సిద్ధి పొందింది. 1985లో తిరుమల తిరుపతి దేవస్థానం నిత్యాన్నదాన పథకం ఆరంభించింది. 2011లో ప్రారంభమైన పెద్ద భోజనశాలకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. క్యూలో నిలబడి, ఆకు ముందు కూర్చొని, వేడి అన్నం తిన్న ప్రతి యాత్రికుడూ ఆ తల్లి పంక్తిలో తిన్నవాడే.

మూడవ సంగతి గోదావరి లంకలలోనిది. డొక్కా సీతమ్మగారి పేరు తెలియని తెలుగువారు అరుదు. 1841లో మండపేటలో అనుపిండి భవానీశంకరంగారికి జన్మించారు. వచ్చినవారికల్లా అన్నం పెట్టడం వల్ల ఆ తండ్రిని ఊరివారు 'బువ్వన్న' అని పిలిచేవారట. లంకల గన్నవరం వాస్తవ్యులైన డొక్కా జోగన్న పంతులుగారిని వివాహమాడి, ఆ ఇంటిని సత్రంగా మార్చివేశారు. ఏరు దాటి వచ్చినవారు, వరదలో చిక్కుకొన్నవారు, అర్ధరాత్రి పడవ దిగినవారు ఎవరైనా సరే, ఆ వాకిట కులం, వేళ అడిగే పద్ధతి లేదు.

సీతమ్మగారిని గురించి కోనసీమలో చెప్పుకొనే కథలలో ఒకటి నా మనసును పట్టి ఉంచింది. ఆమెకు జీవితంలో ఒక్కసారైనా అంతర్వేది వెళ్ళి లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలని కోరిక. ఇంటి పని ఎడతెగక అది వాయిదా పడుతూ వచ్చింది. ఎట్టకేలకు ఒకనాడు బయలుదేరారు. దారిలో విశ్రమించినప్పుడు ఒక పెండ్లివారి గుంపు ఎదురైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "ఇంకొంచెం ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని పెద్దలు వారిని ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె ప్రయాణం మానుకొని, వారికంటె ముందుగా ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట. నరసింహ దర్శనం అక్కడ తప్పినదో, ఇక్కడ జరిగినదో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంలో తెల్లదొరల ప్రభుత్వం ఆమెను గౌరవించదలచి ఆహ్వానించగా, తాను కీర్తి కోసం అన్నం పెట్టడం లేదని ఆమె వెళ్ళలేదని ప్రసిద్ధి. 1909లో స్వర్గస్థులయ్యారు. పి.గన్నవరం అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆ పేరే పెట్టింది. బడిలో ఆకలితో సొమ్మసిల్లిన పిల్లలను చూసిన ఉపాధ్యాయునిగా నాకు అది ఎంతో సంతోషం కలిగించింది.

అయితే చరిత్రను ఒక కంటితో చూడరాదు. నా శిష్యుని ప్రశ్నకు మరొక ముఖం కూడా ఉన్నది. మల్కాపుర శాసనం చండాలుని వరకు అన్నం పెట్టమన్నది. కానీ ఆ తరువాత ఎన్నో శతాబ్దాలు మన గుడి తలుపులు కొందరికి మూసియే ఉన్నాయి. ఎన్నో సత్రాలలో పంక్తిభేదం పాటించారు. పూజ ఘనంగా సాగిన చోటనే మనిషికి అవమానం జరిగింది. ఇది దాచితే దాగేది కాదు. దానిని సరిదిద్దడానికి కూడా ఒక భక్తుడే నడుము కట్టవలసి వచ్చింది. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజన ప్రవేశం కోసం పొట్టి శ్రీరాములుగారు ఉపవాసం ఉన్నారు. ఉపవాసం మనకు వ్రతం. దేవుని ఎదుట చేసే ప్రార్థన. దానినే ఆయన తోటి మనిషి కోసం చేశారు. మరుసటి ఏడు, 1947లో, మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేసింది. ఆ తరువాత, 1952లో, ఆ మహనీయుడు ఆంధ్ర రాష్ట్రం కోసం అదే వ్రతంలో ప్రాణాలు విడిచిన సంగతి జగద్విదితం.

ఈ నలుగురిని కలిపి చూస్తే నాకు తోచినది ఇది. ప్రార్థన లేకుండా సేవ చేయలేమా? నిస్సందేహంగా చేయవచ్చు, చేస్తున్న పుణ్యాత్ములు ఎందరో ఉన్నారు. వారికి నా నమస్కారం. కానీ పదిమందికి పెట్టిన చేతికి త్వరలోనే గర్వం పడుతుంది. లేదా విసుగు పుడుతుంది. పుచ్చుకొనేవాడు చులకన అవుతాడు. వచ్చినవాణ్ణి బిచ్చగాడుగా గాక అతిథిగా, నారాయణునిగా చూడగల చూపు రోజూ అభ్యసిస్తే గాని నిలువదు. ఆ అభ్యాసానికే పూజ అని పేరు. అయితే ఆ చూపు గర్భగుడి గడప దాటి వాకిటి దాకా రాకపోతే, అది ఇంకా పూర్తి కాని పూజ.

ఇది వ్రాస్తూ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏండ్ల తరబడి పూజ కాగానే గోడ మీద కాకికి ముద్ద పెడుతున్నాను. సరిగ్గా ఆ వేళకే మా వీధి ఊడ్చే తల్లి మా గేటు ముందు చీపురు ఆనించి, చెమట తుడుచుకొంటుంది. ఇన్నేండ్లలో ఒక్కనాడైనా ఆమెను మంచినీళ్ళు కావాలా అని నేను అడగలేదు. భూతయజ్ఞం చేస్తున్నాననుకొంటూ మనుష్యయజ్ఞం మరచిపోయాను. నా శిష్యుని ప్రశ్న తగిలినది అక్కడ.

ఇప్పుడు కాకి ముద్దతో పాటు ఆమెకు ఇంత ఫలహారం, ఒక చెంబు నీళ్ళు వాకిటికి వెళుతున్నాయి. మొదటి రోజు ఆమె, "ఇయ్యాల పండగేంటి పంతులుగారూ?" అని అడిగింది. ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. ఈసారి ఆ పిల్లవాడు వస్తే శాస్త్రం చెప్పను. ఈ సంగతే చెబుతాను.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.