ఇంటి కాగితాలకు ఆర్.డిస్. నంబరు

ఆఫీసులో ఒక ఫైలు ముగించేటప్పుడు గుమాస్తా చేయవలసిన ఆఖరి పని దాని ఆయుర్దాయం నిర్ణయించడం. శాశ్వతంగా ఉండవలసినదైతే ఆర్.డిస్., పదేళ్లు చాలనుకుంటే డి.డిస్., త్వరలో చించివేయదగినదైతే ఎల్.డిస్. అది తేలనిదే ఫైలు రికార్డు రూముకు వెళ్లేది కాదు. అక్కడ పొరపాటు జరిగితే ముప్పై ఏళ్ల తరువాత ఎవరో రైతు నకలు కోసం వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లేవాడు. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలు తాతల కాగితాలను స్కాను చేసి కంప్యూటర్లలో పెడుతున్నారు. సంతోషమే. కాని ఆ ప్రతి ఎంత కాలం నిలవాలి అని అడిగేవారు కనిపించరు. ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చే మూడు నాలుగు అక్షరాలు, అంటే జేపీజీ, టిఫ్, పీడీఎఫ్ వంటివి, కంప్యూటరులో ఆ నిర్ణయాన్ని తెలిపేవి. వీటినే ఫార్మాట్లు అంటారు. అవి ఎందుకు పుట్టాయో తెలిస్తే ఏది దేనికి పనికివస్తుందో తెలుస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా కుటుంబం సంగతి ముందు చెబుతాను. మా తాతగారు జమాఖర్చుల పుస్తకం చివరి పేజీలో మా వంశక్రమాన్ని, పూర్వీకులు వలస వచ్చిన ఊరి పేరుతో సహా, పెన్సిలుతో రాసి ఉంచారు. పుస్తకం మా పెదనాన్నగారి ఇంట్లో ఉండేది. ఒక వర్షాకాలం చెదలు పట్టి అది పోయింది. అంతకు ముందెప్పుడో ఇంట్లో కుర్రవాడు ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి బంధువులకు పంపాడు. ఆ బొమ్మ ఫోను నుంచి ఫోనుకు చేతులు మారి, చిన్నదై, ఇప్పుడు మాకు మిగిలిన ఏకైక ఆధారం. అందులో ఊరి పేరు ‘కొత్త’ వరకు చదవవచ్చు. తరువాతి అక్షరాలు మరక. కొత్తపల్లి కావచ్చు, కొత్తపాలెం కావచ్చు, కొత్తపేట కావచ్చు. తెలుగు జిల్లాల్లో ఆ పేర్లతో ఉన్న ఊళ్లను లెక్కపెట్టడం నా తరం కాలేదు. రిజిస్టరు దస్తావేజైతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలైనా దొరికేది. సొంత దస్తూరీకి నకలెక్కడిది?

ఆ మరక ఎలా వస్తుందో తెలియాలంటే జేపెగ్ కథ తెలియాలి. దానికి మూలమైన గణితాన్ని 1974 జనవరిలో ప్రకటించిన ముగ్గురూ మన దేశం నుంచి వెళ్లినవారే. బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, టెక్సాస్‌లో ఆచార్యులుగా ఉండిన కె. ఆర్. రావు. ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ ఇంటిపేరు చదవగానే నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం ఈ లెక్క మీదే నిలబడింది. అది చిత్రాన్ని అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను తీసివేసి, మిగిలినదాన్ని కుదించి దాస్తుంది. పెళ్లి ఫోటోలో చీర రంగు విషయంలో ఆ నష్టం తెలియదు. తెలుగు రాతలో మాత్రం ఆ సూక్ష్మ వివరమే తలకట్టు, అదే ఒత్తు. పైగా కత్తిరించి, కుదించి తిరిగి దాచిన ప్రతిసారీ మరికొంత పోతుంది. ఊరికే తెరిచి చూసినందువల్ల ఏమీ పోదు. దరఖాస్తులకు ‘ఇన్ని కేబీలకు మించరాదు’ అనే నిబంధనలు పాటించి పాటించి, ఫోటో అంటే కుదించవలసిందే అనే అలవాటు మనకు పడిపోయింది. దరఖాస్తుకు అది సరే, తాతగారి దస్తూరీకి తగదు.

ఇక టిఫ్. దీని కథ మనవంటి సంఘాల పత్రికలకు దగ్గరి చుట్టం. అమెరికాలోని సియాటిల్‌లో ఆల్డస్ అనే సంస్థ ఉండేది. పదిహేనో శతాబ్దం చివర వెనిస్‌లో గ్రీకు గ్రంథాలు అచ్చువేసిన ఆల్డస్ మనూటియస్ పేరు దానికి పెట్టుకున్నారు. ఆ సంస్థ 1985లో పేజ్‌మేకర్‌ను తెచ్చింది. 1990లలో సీసపు అక్షరాలు పేర్చే పని పోయి డీటీపీ వచ్చినప్పుడు శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల పత్రికలు ఎన్నో ఈ పేజ్‌మేకర్‌లోనే, అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తయారయ్యాయి. అదే సంస్థ 1986లో, స్కానర్ల కంపెనీలు తలో పద్ధతి పెట్టకుండా అందరికీ ఒకే పద్ధతి ఉండాలని టిఫ్‌ను రూపొందించి, దాని నియమాలను ఎవరైనా చదువుకునేలా ప్రకటించింది. 1994లో ఆల్డస్ వెళ్లి అడోబీలో కలిసిపోయింది.

ఒకే ఇంట్లో పుట్టిన ఆ ఇద్దరు బిడ్డల గతి చూడండి. పేజ్‌మేకర్ 2001 నాటి ఏడో వెర్షన్‌తో ఆగింది. 2004లో దాని అభివృద్ధే మానేశారు. ఆనాటి ఫైళ్లు నేటి ఇన్‌డిజైన్‌లో నేరుగా తెరుచుకోవు. ఎలాగో తెరిచినా, ఆ తెలుగు ఫాంటు లేకపోతే కనిపించేది ఇంగ్లీషు అక్షరాల కలగాపులగమే. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకున్నవి మరి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా మన డీటీపీ సెంటర్లు చాలాకాలం అటు చూడలేదు. టిఫ్ మాత్రం 1992 జూన్ నాటి ఆరో వెర్షన్ నియమాల మీదే ఇప్పటికీ నడుస్తోంది. నియమాలు బహిరంగంగా ఉన్నందున ఎందరో దానిని చదివే ప్రోగ్రాములు రాసుకున్నారు. పుట్టించిన సంస్థ లేకపోయినా ఫైలు అనాథ కాలేదు. పూర్వం తాళపత్రం శిథిలమైతే మరొక లేఖకుడు కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసేవాడు. మెకంజీ సేకరణలోని కైఫీయతులకు బ్రౌన్ దొర నకళ్లు రాయించిందీ అందుకే. లిపి తెలిసినవాళ్లు ఉంటేనే ఆ పని జరుగుతుంది.

టిఫ్ ఫైలు బరువు అని పిల్లలు అంటారు. లెక్క చూద్దాం. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాను చేస్తే కుదించని టిఫ్ సుమారు 26 ఎంబీ. ఐదు వందల పేజీలకు 13 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవులో సగం కూడా నిండదు. అయితే టిఫ్ అయినంత మాత్రాన సరిపోదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పాత తెలుగు పుస్తకాలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. పేజీలు టిఫ్‌లే కాని, చాలా పుస్తకాలు బూడిద రంగు కూడా లేని ఉత్త నలుపు తెలుపు స్కాన్లు. అచ్చక్షరం బాగానే వచ్చింది, ఫోటోలు మసిబొగ్గయ్యాయి. కనుక పెన్సిలు రాత, వెలిసిన సిరా, ముద్రలు ఉన్న కాగితాలను రంగుల్లోనే, వీలైతే 600 చుక్కలతో తీయించాలి.

పీడీఎఫ్ సంగతి వేరు. 1993లో అడోబీ తెచ్చిన ఈ ఫార్మాట్ నిజానికి ఒక సంచి. లోపల ఏ సరుకున్నదో పైకి తెలియదు. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక ఇంటి ప్లానును జిరాక్స్ యంత్రంలో స్కాను చేస్తే 14.13, 21.11, 17.42 చదరపు మీటర్ల గదులు మూడూ 14.13గా వచ్చాయి! ఒకేలా ఉన్నవనుకున్న ఆకారాలను ఒక్కసారే దాచి మిగతా చోట్ల దానినే అతికించే జేబిగ్2 అనే కుదింపు చేసిన పని అది. తరువాత కంపెనీ సరిదిద్దింది. మరక పడితే చదవలేమని తెలుస్తుంది. అంకె శుభ్రంగా మారిపోతే తెలిసేదెలా? సర్వే నంబర్లతో జీవితం గడిపినవాడిగా నాకు అది చదివి ఒళ్లు జలదరించింది. ఆర్కైవుల కోసం 2005లో పీడీఎఫ్/ఏ అనే కట్టుదిట్టమైన రకం వచ్చింది. ఫాంట్లు లోపలే ఇమిడ్చి ఉంచడం దాని షరతు. పేజీలన్నీ కట్టగా కట్టి బంధువులకు ఇవ్వడానికి అది మంచిది.

నా మట్టుకు నేను, మిగిలిన కాగితాలకు తల్లి ప్రతిని టిఫ్‌లో తీయించి, దానిని ముట్టుకోకుండా ఉంచి, పంపకాలకు దాని నుంచి జేపెగ్ తీస్తున్నాను. 1996లో వచ్చిన పీఎన్‌జీ కూడా వివరాలు పోగొట్టదు, టిఫ్ లేనిచోట అదీ సరే. ఐఫోన్లు 2017 నుంచి హెచ్ఈఐసీ అనే కొత్త రకంలో దాస్తున్నాయి, వాటిని మార్చి పెట్టుకోవాలి. ఫోనులో పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమనండి, సాధారణంగా కుదింపు ఉండదు. ప్రతులు రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే వాటినీ ఒకసారి తెరిచి చూడండి.

స్కాను అయింది కదా అని అసలు కాగితాలను పారవేయనివ్వకండి, లామినేషన్ అసలే చేయించకండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత మనిషి పేరు ఉంటే వరుస దానంతటదే కుదురుతుంది. పాత ఫోటోల్లో ఎవరెవరో మనకు గుర్తున్నప్పుడే ఆ పేర్లు కూడా రాయించాలి.