ఉద్దానం కిడ్నీ మరణాలు: ఆర్థిక నష్టం అంచనా

శ్రీకాకుళం జిల్లా తీరాన ఉద్దానం అని పిలిచే ప్రాంతంలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో వ్యాపించిన దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి వల్ల సమాజం కోల్పోతున్నదాన్ని రూపాయల్లో లెక్కగట్టే ప్రయత్నం ఇది. ఈ జబ్బు అంటువ్యాధి కాదు. కారణం ఇప్పటికీ తేలలేదు. అయినా కోవిడ్ వంటి మహమ్మారి మరణాలకు వాడే పద్ధతులే దీనికీ వాడవచ్చు. వాటి లోపాలు ఇక్కడ మరింత స్పష్టంగా బయటపడతాయి.

వాటిలో మొదటిదైన మానవ మూలధన పద్ధతిలో, చనిపోయిన మనిషి బతికుంటే మిగిలిన పనికాలంలో ఎంత సంపాదించేవాడో చూసి, ఆ మొత్తాన్ని నేటి విలువకు తగ్గిస్తారు. ఏటా లక్ష రూపాయలు తెచ్చే 45 ఏళ్ల కొబ్బరితోట కూలీ ఇంకో 15 ఏళ్లు పనిచేసేవాడనుకుంటే, ఏడాదికి 3 శాతం తగ్గింపు రేటుతో నష్టం దాదాపు 12 లక్షలు. కూలి తక్కువైన చోట ప్రాణమూ చవకైపోతుంది. ఇది అన్యాయమైన లెక్క. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే మహిళకు కూలి మాత్రమే లెక్కలోకి వస్తుంది, ఇంటి చాకిరీ రాదు. అయినా దానికీ విలువ కట్టవచ్చు: 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలు కట్టింది.

రెండో పద్ధతి, ప్రాణాపాయాన్ని కాస్త తగ్గించుకోవడానికి జనం ఎంత వదులుకుంటారో చూస్తుంది. 2020లో ఆర్థికవేత్తలు డేవిడ్ కట్లర్, లారెన్స్ సమ్మర్స్ ఒక్కో ప్రాణానికి 70 లక్షల డాలర్లు వేసి, అమెరికాకు కోవిడ్ నష్టం మొత్తం 16 లక్షల కోట్ల డాలర్లని అంచనా వేశారు. ఒక్కో ప్రాణానికి వేసిన ఆ విలువను ఉద్దానానికి ఆదాయ నిష్పత్తిలో కుదిస్తే మళ్లీ పాత అన్యాయమే.

కోవిడ్ వారాల్లో ప్రాణం తీసేది. ఉద్దానంలో నష్టం చావుకు ఏళ్ల ముందే మొదలవుతుంది. కిడ్నీలు వడపోయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగిన మనిషి ఎండలో పని చేయలేడు. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు. తోడు వెళ్లినవారికీ ఆ రోజు కూలి పోతుంది. దగ్గర్లో కేంద్రాలు రాకముందు విశాఖపట్నం దాకా పోవాల్సి వచ్చేది. అప్పులు, అమ్ముకున్న తోటలు, ఆగిపోయిన పిల్లల చదువులు ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనిపించవు.

2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. ఆ కుటుంబాలకు అది ప్రాణాధారం, కానీ ఆర్థికశాస్త్రం దృష్టిలో ఒకరి నుంచి మరొకరికి బదిలీయే తప్ప సమాజ నష్టం కాదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి సుమారు 700 కోట్లతో తెచ్చిన తాగునీటి పథకం మాత్రం నిజమైన ఖర్చు కిందికే వస్తాయి.

అన్నిటికన్నా ముందు మరణాల సంఖ్య సరిగా తేలాలి. 2020, 2021 సంవత్సరాల్లో భారత్‌లో కోవిడ్ కాలపు అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అధికారిక కోవిడ్ మరణాలు 4.8 లక్షలే. సంస్థ అంచనాను కేంద్రం ఒప్పుకోలేదు. ఇంట్లోనే కన్నుమూసినవారి మరణ కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించకపోతే ఉద్దానంలోనూ ఇదే చిక్కు. ఇంటింటి రక్తపరీక్షలతో పాటు, మృతుల కుటుంబాలను అడిగి కారణం నమోదు చేసే పని ఊరూరా జరగాలి.