కాళ్ళు నేలకందని సవారీ

నా ఎత్తు ఐదడుగుల అర అంగుళం. ఆ అర అంగుళం లైసెన్సు మీద లేదు, నేను కలుపుకున్నది. నలభై ఏడో ఏట నాకు బుద్ధిపుట్టి ఒక స్పోర్ట్ మోటార్‌సైకిల్ కొన్నాను. సెకండ్‌హాండ్‌ది, నాలుగువందల సీసీ, ఆకుపచ్చ రంగు. టెక్సస్‌లో మోటార్‌సైకిల్ లైసెన్సు కావాలంటే ముందు శిక్షణ తరగతికి వెళ్ళాలి. అక్కడ నాకిచ్చిన బండి చిన్నది, సీటు బాగా కిందికి ఉండేది. దానిమీద రెండు పాదాలూ నేలకానించి కూర్చుని, నాకంతా వచ్చేసిందనుకున్నాను.

సొంత బండి మీద మూడో వారం. ఇర్వింగ్‌లో మెకార్థర్ బులివార్డ్ మీద ఎర్రలైటు పడింది. ఆగాను. వాననీళ్ళు పోవడానికని రోడ్డుని అంచువైపు కాస్త వాలుగా వేస్తారు కదా, ఆ వాలు మీద కుడికాలు దించాను. నేల ఉండాల్సిన చోట లేదు. ఇంకో అంగుళం కింద ఉంది. నూట అరవై కిలోలు దాటిన బండి ఒకసారి ఒరగడం మొదలుపెడితే ఇక ఆపలేం. మెల్లగా, చాలా మర్యాదగా, ఇద్దరం పడ్డాం. వెనక పికప్ ట్రక్కులోంచి ఒకాయన దిగొచ్చి బండి లేపి నిలబెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. దెబ్బేమీ తగల్లేదు. ఇంట్లో మాత్రం తీర్పు వచ్చేసింది: "అమ్మేసెయ్."

అమ్మలేదు. ఎప్పటిలాగే ముందు చదవడం మొదలుపెట్టాను. మనిషి కాళ్ళకీ రెండు చక్రాలకీ మధ్య ఈ తగువు ఎప్పటిది?

చాలా పాతది. 1870లలో యూరప్‌లో తిరిగిన పెద్ద చక్రం సైకిళ్ళ బొమ్మలు మీరూ చూసే ఉంటారు. ముందు చక్రం మనిషంత, వెనకది పళ్ళెమంత. పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే ఉండేవి. ఒక తొక్కుకి చక్రం ఒక చుట్టు. కాబట్టి చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం. అయితే ఎంత పెద్ద చక్రం తొక్కగలరన్నది కాలి పొడవు తేలుస్తుంది. అంటే పొడుగు మగాళ్ళకి వేగం పుట్టుకతోనే వచ్చింది. పొట్టివాళ్ళు చిన్న చక్రంతో సరిపెట్టుకున్నారు. లంగాలు కట్టిన ఆడవాళ్ళకి మూడు చక్రాల బండ్లే దిక్కయ్యాయి.

1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రోవర్ సైకిల్ తెచ్చాడు. చైను పెట్టి వెనక చక్రాన్ని తిప్పాడు. వేగం ఇప్పుడు పళ్ళచక్రాల లెక్కలోకి వెళ్ళింది, కాలి పొడవుతో పని పోయింది. రెండు చక్రాలూ ఇంచుమించు సమానమయ్యాయి, సీటు కిందికి దిగింది. దాన్ని సేఫ్టీ సైకిల్ అన్నారు. పడితే తల పగలని ఎత్తు అని అర్థం. ఆడవాళ్ళు సైకిలెక్కిన కథ అక్కడే మొదలవుతుంది.

అదే 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ కలిసి పెట్రోలు ఇంజనుతో చెక్క బండి ఒకటి చేశారు. మొదటి మోటార్‌సైకిల్ అని దాన్నే చెబుతారు. దానికి అటూ ఇటూ రెండు చిన్న ఆసరా చక్రాలున్నాయి, పిల్లల సైకిళ్ళకి ఉన్నట్టే. ఈ సంగతి చదివినప్పుడు నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. ప్రపంచంలో మొట్టమొదటి మోటార్‌సైకిల్‌ని కూడా కాళ్ళమీద భరోసాతో వదల్లేదు! ఆ నవంబరులో డైమ్లర్ కొడుకు పాల్ దాన్ని నడిపినప్పుడు సీటు కింద ఇంజను వేడికి సీటే అంటుకుందట. నాకు కనీసం ఆ బాధ లేదు.

తర్వాత 1916కి రండి. అగస్టా, ఆడెలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు జులైలో న్యూయార్కు బ్రూక్లిన్‌నుంచి రెండు ఇండియన్ మోటార్‌సైకిళ్ళమీద బయల్దేరి, సెప్టెంబరుకి శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. దారిలో 14 వేల అడుగులు దాటిన పైక్స్ పీక్ శిఖరం ఎక్కారు. మోటార్ బండి మీద ఆ కొండెక్కిన మొదటి ఆడవాళ్ళు వాళ్ళే. మధ్యలో చిన్న ఊళ్ళలో పోలీసులు ఆపారు, నడిపినందుకు కాదు, మగాళ్ళలా ప్యాంట్లు వేసుకున్నందుకు. యుద్ధంలో ఆడవాళ్ళు సైన్యానికి సందేశాలు మొయ్యగలరని చూపించడానికే వాళ్ళీ ప్రయాణం చేశారు. ఆడెలిన్ దరఖాస్తు పెడితే సైన్యం కాదంది.

వాళ్ళ బండ్లకీ నా బండికీ ఒక తేడా ఉంది. ఆ కాలం బండ్లకి వెనక చక్రం కింద స్ప్రింగుల ఏర్పాటు చాలా తక్కువ, చాలావాటికి అసలు లేదు. ఇండియన్ కంపెనీ ఆకు స్ప్రింగులు వేసింది. హార్లీ డేవిడ్‌సన్ తన పెద్ద బండ్లకి వెనక షాకబ్జార్బర్లు పెట్టింది 1958లోనే. అంతదాకా సీటు కింద స్ప్రింగే గతి. చక్రం పైకి లేచేందుకు చోటు వదలక్కర్లేదు కాబట్టి మనిషి బండి నడుములో ఇమిడి కూర్చునేవాడు. నడుములు విరిగేవి కానీ కాళ్ళు అందేవి.

సుఖం వచ్చాకే ఎత్తు వచ్చింది. గుంటలో పడి లేచిన చక్రానికి పైన ఖాళీ కావాలి. ఆ ఖాళీ పైన సీటు ఉండాలి. 1973లో యమహా మోటోక్రాస్ రేసుల్లో రెండు షాకబ్జార్బర్ల బదులు మధ్యలో ఒకే పెద్దది పెట్టి ప్రపంచ పోటీ గెలిచింది. దాని వెనక బుర్ర లూసియన్ టిల్కెన్స్ అనే బెల్జియం ఇంజనీరుది. తర్వాత 1980ల మొదట్లో కవాసాకీ, హోండా, సుజుకీ తలా ఒక పేరుతో ఆ షాకబ్జార్బర్‌కీ చక్రానికీ మధ్య చిన్న లింకులు చేర్చాయి. చిన్న గతుక్కి మెత్తగా, పెద్ద గోతికి గట్టిగా నిలబడే ఉపాయం అది.

ఇక రేసు బండ్లని చూసి చేసిన స్పోర్ట్ బండ్ల సంగతి. మలుపులో బండిని బాగా ఒరిగించాలంటే ఇంజనూ ఫుట్‌రెస్టులూ నేలకి గీసుకోకూడదు. కాబట్టి ఇంకా పైకి. ముందు చక్రం మీద బరువు పడాలంటే వెనక భాగం లేచి ఉండాలి. కాబట్టి ఇంకా పైకి. యమహా ఆర్1 సీటు 1998లో 800 మిల్లీమీటర్లు, 2015 మోడల్‌కి 855. నా బండి 785, దాని వర్గంలో అది తక్కువే. నా కాలు లోపలివైపు కొలత 28 అంగుళాలు, అంటే 711. మధ్యలో మూడు అంగుళాల తగువు. కూర్చోగానే స్ప్రింగులు కుంగి కొంత ఇస్తాయి, బూటు మడమ ఇంకొంత ఇస్తుంది, సీటు వెడల్పు మళ్ళీ లాక్కుంటుంది. మునివేళ్ళు ఆనతాయి. ఎండిన, చదునైన నేలమీద అది చాలు. మెకార్థర్ వాలుమీద చాలలేదు.

ఎత్తు ఉంటేనే నడపగలమా అంటే కాదు. స్పెయిన్ రేసర్ డానీ పెడ్రోసా ఎత్తు సుమారు నూట అరవై సెంటీమీటర్లు. 2006నుంచి 2018దాకా మోటోజీపీలో హోండా మీద 31 రేసులు గెలిచాడు. కానీ రేసు ట్రాక్ మీద ఎర్రలైట్లూ, వెనక హారన్ కొట్టే వాళ్ళూ ఉండరు. జపాన్ వాళ్ళకి ఈ బాధకి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, 'అషిత్సుకి'. కాళ్ళు నేలకి ఎలా ఆనతాయో చెప్పే మాట. బండి కొనేముందు దాన్ని చూసుకుంటారు. మన భాషలో ఆ మాట ఎందుకు లేదా అని ఆలోచిస్తే, మనకి దాని అవసరం లూనా తీర్చేసిందనిపిస్తుంది. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50, 1994లో స్కూటీ. కాలు దూర్చి కూర్చోవడమే. మన అమ్మలూ అక్కలూ చీరలతో, పరికిణీలతో ఆఫీసులకీ కాలేజీలకీ వాటిమీదే వెళ్ళారు. నేనూ ఇంటర్‌లో లూనామీదే వెళ్ళాను. గేర్ల బండి మాత్రం మగపిల్లల సొత్తు, పండక్కి ఊరొచ్చిన బావలు నడిపి చూపించేది. 2018లో హైదరాబాదునుంచి జై భారతి, మరో ముగ్గురు మహిళలు నాలుగువందల సీసీ బండ్లమీద మెకాంగ్ నది దేశాలదాకా వెళ్ళొచ్చారు, సుమారు 17 వేల కిలోమీటర్లు. ఆ ఫోటోలు చూసిన రోజే నాకు ఈ పురుగు కుట్టిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

చరిత్ర చదివింది చాలనుకుని పానా పట్టుకున్నాను. నా బండి ఎత్తుగా ఉండటానికి ఏ లింకులు కారణమో, దాన్ని దించే తాళం కూడా వాటిలోనే ఉంది. వెనక లింకు స్థానంలో కాస్త పొడవైనది వేస్తే వెనక భాగం కిందికి దిగుతుంది. మరతో పొడవు మార్చుకునే రకం కొన్నాను. ఒకటిన్నర అంగుళం దించాను. వెనక ఒక్కటే దించితే ముందు చక్రం కోణం మారి బండి తిరగడానికి బద్ధకిస్తుందని, ముందు ఫోర్కుల్ని వాటి పట్టీల్లోంచి కొంచెం పైకి జరిపాను. బోల్టులన్నీ చెప్పినంత బిగువుకి బిగించాను. ఒక శనివారమంతా పట్టింది. కూర్చుని చూస్తే రెండు కాళ్ళ ముందు భాగాలూ నేలమీద! ఆనందంగా దిగి, స్టాండు వేసి, నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి బండి కుడిపక్కకి పడి ఉంది.

ఆ రాత్రి తెనాలికి వీడియో కాల్ చేశాను. నాన్న ముప్ఫై ఏళ్ళు సైకిల్ షాపు నడిపారు. రిపేర్లు, పంక్చర్లు, గంటకి అద్దె. జన్మలో ఏనాడూ స్పోర్ట్ మోటార్‌సైకిల్ ముట్టుకోలేదు. నేను లింకులూ కోణాలూ పావుగంట వివరించాను. అంతా విని, "స్టాండు కోశావామ్మా?" అన్నారు.

అంతే. బండి దిగింది, పక్క స్టాండు పొడవు మాత్రం పాతదే. బండి స్టాండు మీదికి వాలాలి కదా, వాలకుండా నిటారుగా నిలబడింది. కాస్త గాలి వీచేసరికి రెండోవైపు పడింది. టెక్సస్ గాలి గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను నూటనలభై ఏళ్ళ చరిత్ర చదివాను. ఆయన స్టాండు చూశారు.

"పిల్లలొస్తే సీటు దించి ఇచ్చేవాణ్ణి," అన్నారు నాన్న. "దించడం ఎవడైనా చేస్తాడు. వారం తిరిగాక వాడికి తెలీకుండా ఒక వేలు ఎత్తేవాణ్ణి. ఇంకో వారానికి ఇంకో వేలు. కిందే వదిలేస్తే మోకాళ్ళు ముడుచుకుని తొక్కడం అలవాటవుతుంది."

"ఆడపిల్లలొస్తేనో నాన్నా?"

కాసేపు మాట్లాడలేదు. "ఆడపిల్లలు రాలేదమ్మా. వచ్చేట్టు నేనూ చెయ్యలేదు," అన్నారు.

స్టాండు కోయించి వెల్డింగ్ చేయించాను. ఒకటిన్నర అంగుళం దించినందుకు కట్టిన మూల్యం తర్వాత తెలిసింది. మా అపార్ట్‌మెంట్ స్పీడ్‌బ్రేకర్ బండి పొట్టకి గీసుకుంటోంది. మలుపుల్లో మునుపటంత ఒరగడానికి వీల్లేదు. ఎత్తు ఊరికే పెట్టలేదు వాళ్ళు.

ఇర్వింగ్‌లోనే, లాస్ కొలీనాస్ విలియమ్స్ స్క్వేర్‌లో కంచు గుర్రాలున్నాయి. రాబర్ట్ గ్లెన్ చేసినవి, 1984లో పెట్టారు. తొమ్మిది అడవి ముస్టాంగులు నీళ్ళు చిమ్ముకుంటూ వాగు దాటుతుంటాయి. ఆదివారం ఉదయం బండి అక్కడిదాకా తీసుకెళ్ళి దూరంగా ఆపి కూర్చుంటాను. గుర్రం ఎత్తుని 'చేతుల్లో' కొలుస్తారు. ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు, మన బెత్తెడులాగా. అసలు ముస్టాంగు సుమారు పద్నాలుగు చేతులు, నా బండి సీటుకంటే రెండడుగులు ఎత్తు. దానిమీద కూర్చున్న ఎవరికీ కాళ్ళు నేలకి అందవు, ఎవరూ అందాలనీ అనుకోరు. దానికి నాలుగు కాళ్ళున్నాయి. మోటార్‌సైకిల్ ఆగినప్పుడు మిగిలిన రెండు కాళ్ళూ మనమే ఇవ్వాలి.

రెండు ఇవ్వాలా, ఒకటి చాలదా? ఆగేముందు సీటు మీద ఎడమకి కాస్త జరిగి, ఒక పాదం పూర్తిగా ఆనించి, రెండోది బ్రేకు మీద ఉంచడం ఖాళీ పార్కింగ్ లాట్‌లో నెలరోజులు సాధన చేశాను. ఆగబోయే చోట రోడ్డు ఎటు వాలిందో ముందే చూసుకోవడం నేర్చుకున్నాను. పోయిన శనివారం లింకు మర తిప్పి అర అంగుళం ఎత్తాను. మెకార్థర్ మీద అదే సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. ఎడమకాలు ఆనింది.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "స్టాండో?" అన్నారు.

అది ఈసారి సరిచూసుకునే చేశాను.